దుర్గాంబ గారికి పడ్డ ఓటు

ఆదివారం ఎన్నిక మొదలయ్యే పదింటిలోగా సంఘం కార్యదర్శి పద్మనాభం చెయ్యవలసిన పనులు: టెంట్ హౌస్ నుంచి కుర్చీలు తెప్పించాలి. సభ్యుల జాబితా కార్బన్ పెట్టి మూడు కాపీలు రాయాలి. టీకి చెప్పాలి. పృథ్వీరాజ్ పంపిన కంప్యూటర్‌కి స్టెబిలైజర్ చూసుకోవాలి. దుర్గాంబ గారి చేత నామినేషన్ వెనక్కి తీయించాలి.

ఆఖరిది తప్ప అన్నీ అయ్యాయి.

ఢిల్లీ సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లలో తెలుగు సంఘానికి ఉన్నదల్లా ఒక్క గది. ఆదివారాలు అందులో దుర్గాంబ గారు పిల్లలకి బియ్యప్పళ్ళెంలో అక్షరాలు దిద్దిస్తారు. ఇంట్లో ఏమడిగినా హిందీలో జవాబు చెప్పే పిల్లలు ఆవిడ ముందు మాత్రం బుద్ధిగా తెలుగులోకి దిగుతారు. పద్మనాభం కూతురు భవ్యశ్రీ మొన్ననే తన పేరు తనే రాసి, 'శ్రీ'కి తోక మరీ పొడుగ్గా లాగి, ఫ్రిజ్ మీద అంటించింది.

ఆ గదే ఇప్పుడు కేబుల్ కంట్రోల్ రూముకి కావాలి పృథ్వీరాజ్‌కి. అతను ఈ క్వార్టర్లలోనే పుట్టాడు. ఆవిడ దగ్గరే ఓనమాలు దిద్దుకున్నాడు. ఇప్పుడు గుర్గావ్‌లో కోఠీ, అదే పెద్ద బంగళా, కట్టుకున్నా పాత క్వార్టర్ నంబరు మీద సంఘంలో సభ్యత్వం వదులుకోలేదు. చుట్టుపక్కల మేడల మీద డిష్షులన్నీ అతనివే. తనని అధ్యక్షుణ్ణి చేస్తే అందరికీ కేబుల్ ఉచితమని అతని ఛానల్లో తెర అడుగున అక్షరాలు నెల్లాళ్ళుగా పరిగెడుతున్నాయి. దుర్గాంబ గారి మాట ఆ తెర మీద లేదు కనక ఆవిడ పోటీలో ఉన్నారన్న సంగతే చాలామంది మరిచిపోయారు.

పైగా వచ్చే వారం నుంచి క్రికెట్ వరల్డ్ కప్.

పద్మనాభం ఆవిడని మెట్ల మీద ఆపాడు. ఈసారి డాల్డా డబ్బాలో చీటీలు వెయ్యడం లేదు. కంప్యూటర్లో ముందు క్వార్టర్ నంబరు కొట్టాలి, ఆ తర్వాతే పృథ్వీరాజ్‌కైతే ఒకటి, దుర్గాంబ గారికైతే రెండు నొక్కాలి. అది తెలిసినప్పటి నుంచీ మెట్ల మీద ఒకటే గుసగుస. అసలే గుమాస్తాల కాలనీ. నంబరు పడిందంటే ఫైలు తెరిచినట్టే అని వాళ్ళ లెక్క. ఎదురు ఓటు వేసినవాడి కేబుల్ సరిగ్గా మ్యాచ్ మధ్యలో తెగుతుందని చెప్పుకున్నారు.

"పది ఓట్లు కూడా రావు పిన్నిగారూ. విత్‌డ్రా అయిపోండి. పరువన్నా దక్కుతుంది."

"ఎవరి పరువు నాయనా?" అన్నారావిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "ఓడితే గది పోతుంది. ఓడకుండానే ఇచ్చేస్తే రేపు పిల్లలడుగుతారు. ఏం చెప్పను?"

"పోనీ, మీ ఓటన్నా మీకు వేసుకోండి."

ఆవిడ నవ్వారు. "మన విస్తట్లో మనమే వడ్డించుకుంటామా? అబ్బాయికే వేస్తాను."

అది సంఘం ఆనవాయితీ. పోటీకి నిలబడ్డవాళ్ళు తమ ఓటు ఎదుటివాళ్ళకే వెయ్యాలి. సంఘం పెట్టిన కొత్తలో ఆ మాట అన్నదీ ఆవిడే.

కంప్యూటర్‌కి బొట్టు పెట్టి, దండ వేసి, చుట్టూ అట్టపెట్టె ముక్కలు అడ్డం పెట్టారు. డాల్డా డబ్బా మూలన పడి ఉంది. జనం ఒక్కొక్కరే అట్టల వెనక్కి వెళ్ళి, తల దించుకుని బయటికి వస్తున్నారు. అటు దుర్గాంబ గారు కూర్చుని ఉంటే, అందరూ ఇటు టీ వైపు నడుస్తున్నారు.

పద్మనాభం వంతు వచ్చింది. సి-214 అని కొట్టాడు. వేలు రెండు మీద ఆగింది. ఫ్రిజ్ మీద తోక పొడుగు 'శ్రీ' కళ్ళలో మెదిలింది. ఇంతమందిలో ఎవరో ఒకరు వెయ్యకపోతారా, నా ఒక్కడి ఓటుతో ఆవిడ గెలుస్తారా అనుకున్నాడు. ఒకటి నొక్కాడు.

మొత్తం ఓట్లు అరవై రెండు. పృథ్వీరాజ్‌కి అరవై ఒకటి. దుర్గాంబ గారికి ఒకటి.

ఎవరికి వాళ్ళు పక్కవాళ్ళ వంక చూశారు. తర్వాత అందరూ ఒక్కసారే చప్పట్లు కొట్టారు.

ఆవిడ లేచి పళ్ళేలు, పలకలు సర్దుకుంటున్నారు. పద్మనాభం పృథ్వీరాజ్‌ని పక్కకి పిలిచాడు. ఆ ఒక్కరెవరో లిస్టు చూసి చెప్పమన్నాడు.

"వాళ్ళ కేబుల్ తియ్యకు బాబూ. తియ్యాలనుకుంటే నాది తీసెయ్."

పృథ్వీరాజ్ తెల్లబోయాడు. "ఏం లిస్టు అంకుల్? రెండోసారి వెయ్యకుండా నంబరు కొట్టమన్నాం, అంతే. ఎవరు ఎవరికి వేశారో దానికేం తెలుసు?" అని, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళ వంక ఒకసారి చూశాడు. "అచ్ఛా. ఇందుకా ఇన్ని వచ్చాయి. ఓడిపోతాననుకున్నా నేను."

"మరి ఆ ఒక్క ఓటు?"

పృథ్వీరాజ్ వెళ్ళి దుర్గాంబ గారి చేతుల్లోంచి పళ్ళేలు అందుకున్నాడు. ఆవిడ బొడ్లోంచి గది తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టారు. అతను వద్దనలేదు. వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"మన విస్తట్లో మనమే వడ్డించుకోకూడదు కదా, టీచర్ గారూ" అన్నాడు.

సోమవారమే గదిలో వైర్లు లాగారు. అక్షరాలిప్పుడు మెట్ల మీద దిద్దిస్తున్నారు. ఎప్పుడైనా ఎవరూ చూడని చోట మీ వేలు ఒక మీట మీద ఆగితే, దుర్గాంబ గారిని గుర్తు చేసుకోండి. మేం అరవై మందిమీ అనుకున్నట్టు ఇంకెవరో చేసుకుంటారని మాత్రం అనుకోకండి.