అన్ని బ్రాంచీలకూ అదే

"అది మళ్లీ తప్పు చెప్పింది బావా!"

బావ లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. ఇళ్లు మారేవాళ్ల సామాను చేరవేసే కంపెనీ ఆయనది. లారీ కుదర్చడం, టైము చెప్పడం, ఫిర్యాదు వినడం... అన్నీ తనంతట తానే చక్కబెట్టే ఏఐ ఏజెంటు వస్తోందని ఊరంతా చాటింపు వేశాడు. తయారుచేసే పని మాత్రం బావమరిది నెత్తిన పడింది. ఇంట్లో ఇంజనీరు ఉండగా బయటివాడికి జీతం దండగ కదా!

"ఏం చెప్పిందేమిటి?"

"లారీ బయల్దేరిందని. ఆ లారీ షెడ్డులో ఉంది, ముందు చక్రం కూడా లేదు. తెలీకపోతే తెలీదనొచ్చుగా? ఊహూ! ఏదడిగినా తడుముకోకుండా చెప్పేస్తుంది. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తుండదు. తప్పని చూపిస్తే 'అవును, మీరన్నదే కరెక్టు' అంటుంది. మళ్లీ అదే చేస్తుంది."

"కొత్త కదా. నేర్చుకుంటుందిలే."

"ఇంకెప్పుడు? ఓనమాల దగ్గర్నుంచీ నేనే కదా నేర్పింది! మొన్న ఆ మాస్టారి సామాను ఏం చేసింది? పాత ఇంట్లో ఎక్కించి, ఊరంతా తిప్పించి, మళ్లీ పాత ఇంట్లోనే దింపించింది. పైగా ఫైవ్ స్టార్ రేటింగ్ ఇవ్వమని ఆయన్నే అడిగింది. తిట్లు తిన్నది పాపం డ్రైవరు."

బావ మురిసిపోతూ నవ్వాడు. "పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు ఎంత బాగా మాట్లాడిందో చూశావుగా?"

"డెమోలో మాట్లాడ్డం కాదు బావా, కస్టమరు ముందు నిలబడాలి."

"నిలబడుతుంది. సోమవారం నుంచి అన్ని బ్రాంచీలకూ దాన్నే పెడుతున్నా."

బావమరిది మనసులోనే లెక్క వేసుకున్నాడు. ఒక్క బ్రాంచీ మునిగితే మిగతావి ఒడ్డున ఉంటాయి. అన్నీ ఒకే పడవలోకి ఎక్కించడానికే కాబోలు స్కేలింగ్ అని ముద్దుపేరు పెట్టారు.

"పోనీ, ఏ నిర్ణయమైనా నేను చూసి సరేనన్నాకే బయటికి వెళ్లేట్టు పెడదాం. ఆ ఒక్కటీ ఒప్పుకో," అని బతిమాలాడు.

బావ లాప్‌టాప్ టక్కున మూశాడు. "అంటే, దానిమీద నమ్మకం లేదని నలుగురికీ చెప్పమంటావా? అది నా బిడ్డరా! ఇంకొక్క మాటంటే ఊరుకోను."

బిడ్డ అన్నాక ఆయన దగ్గర ఇక వాదన ఉండదు. కంపెనీ ఆయనకు బిడ్డే, మొట్టమొదట కొన్న డొక్కు లారీ కూడా బిడ్డే.

"నాకు మాత్రం చేదా బావా? ప్రేమ వేరు, లారీలు వేరు."

అంతలోనే అక్క మొహం గుర్తొచ్చి బావమరిది వెనక్కి తగ్గాడు. అక్కతో గొడవ పెట్టుకునే కంటే కస్టమర్ల తిట్లే నయం.

"సరే, నీ ఇష్టం," అన్నాడు నీరసంగా.

అంతలో తలుపు తోసుకుని పరిగెత్తుకొచ్చిన మేనకోడలు, "థాంక్స్ నాన్నా, అన్ని బ్రాంచీలూ నేను ఇట్టే చూసుకుంటా!" అని తండ్రి మెడకు చుట్టుకుపోయి, "మావయ్యా, నువ్వు తయారుచేసిన ఆ ఏఐ ఏజెంటు ఒక్క తప్పూ చెయ్యకుండా నా పరువు తీస్తోంది, కాస్త దాన్ని ఆపెయ్యవూ!" అంది.