టైర్ల తోట

ఒప్పుకుంటున్నాను, తప్పు నాదే. వాలుగా ఉన్న మా పెరట్లో పాత టైర్లకు రంగులేసి, మెట్లలా పేర్చి, మట్టి నింపి పూలమొక్కలు నాటాను. నీళ్లు వృథా కాకూడదని అడుగున ప్లాస్టిక్ పట్టా కూడా పరిచాను.

రాత్రి కురిసిన వానంతా అందులోనే నిలిచిపోయింది. పొద్దున్నే టైర్లు జారడం మొదలుపెట్టాయి. అమ్మ పరుగెత్తుకొచ్చి అన్నిటికన్నా కింది టైరుకు వీపు ఆనించి నిలబడింది.

"అమ్మా, వదిలేసి పక్కకి రా. మీద పడతాయి," పైనుంచి అరిచాను.

"ముందు నువ్వు గట్టెక్కు."

"పూలు పోతే పోనీ అమ్మా, ప్లీజ్."

"పూలెవరిక్కావాలే? నువ్వు నిలబడింది ఆ టైర్ల మీదే కదే, మొద్దూ."

కిందికి చూసుకున్నాను. గట్టు మీదికి పాకాను. అప్పుడు పక్కకి తప్పుకుంది అమ్మ. వరస మొత్తం జారిపోయింది.

అప్పటిదాకా అమ్మను కాపాడుతున్నది నేనే అనుకున్నాను. మీరూ ఎప్పుడైనా ఇలాగే అనుకున్నారా? రాయండి.