ఫోను అవతలి వంటిల్లు

మా చెల్లెలికి ఫోను నిలబెట్టడం చేతకాదు.

విమానాలు మారి అంత దూరం వెళ్లింది. ఉద్యోగం తెచ్చుకుంది. వానలో, చీకట్లో ఒక్కతే కారు నడుపుతుంది. పిండి డబ్బాకు ఫోను ఆనించి పెట్టమంటే మాత్రం, ఇన్నేళ్లుగా నాకు తన వంటింటి కప్పే చూపిస్తోంది.

ఆ కప్పు నాకు కంఠతా వచ్చు. ఒక మూల చెమ్మ మరక. నడుమ పొగ పసిగట్టే గుండ్రటి డబ్బా. దాని ఎర్ర దీపం నన్ను చూసి కన్ను కొడుతూ ఉంటుంది. పెళ్లయిన కొత్తలో మా ఆయన కూడా అన్నిసార్లు కొట్టలేదు.

ఇక్కడ నాకు మధ్యాహ్నం వంట. అక్కడ దానికి పొద్దుటి హడావిడి. ఇద్దరం ఫోన్లు తెరిచి పెట్టుకుంటాం.

మాట్లాడి తీరాలని లేదు. దాని కత్తి చప్పుడు నాకు, నా కుక్కరు కూత దానికి వినబడితే చాలు.

అమ్మ నా పక్కనే పీట మీద కూర్చుని చిక్కుళ్లు తుంచుతుంది. కెమెరాకు మాత్రం చిక్కదు.

పోయిన వారం చెల్లెలు గొంతు తగ్గించింది.

"అమ్మ ఉందా అక్కడ?"

"లేదు. స్నానానికి లేచింది."

అది చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచేతి పైన నల్లగా కమిలిన గీతలు. ఆ ఒక్కరోజే ఫోను సరిగ్గా నిలబెట్టింది.

"జారిపడ్డావా?"

"వేళ్ల మీద ఎవరైనా జారిపడతారా అక్కా?"

నేను నవ్వలేదు. అదీ నవ్వలేదు.

"వేరే గది చూసుకుంటున్నా. అది దొరికేదాకా మీ మరిదికి అనుమానం రాకూడదు. నీకొక్కదానికే చెబుతున్నా. అమ్మకు తెలిస్తే పెద్దరికం మొదలుపెడుతుంది."

అమ్మ పెద్దరికం చుట్టాలందరూ ఎరిగిందే. అత్తాకోడళ్లనైనా, అన్నదమ్ములనైనా ఒక్క ఫోనుతో సర్దేస్తానంటుంది.

నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా.

ఈ రోజు ఉల్లిపాయలు తరుగుతున్నాను. తెర మీద కప్పు.

అటువైపు తలుపు గోడకు కొట్టుకుంది.

"మీ అమ్మకు చెబుతావా?"

మరిది గొంతు. నన్ను ఏనాడూ 'గారూ' లేకుండా పిలవని గొంతు.

చెంప పగిలిన చప్పుడు.

"నేను చెప్పలేదు," అంది చెల్లెలు.

"మరి ఆవిడకు కలొచ్చిందా? 'కాస్త చెయ్యి అదుపులో పెట్టుకో బాబూ' అంటుందా నాతో? వేరే గది వెతుక్కుంటున్నావటగా. 'అంతదాకా రానివ్వకు నాయనా' అని బతిమాలింది!"

నా పక్కన చిక్కుళ్లు తుంచే చప్పుడు ఆగిపోయింది.

అక్కడ గిన్నెలు కూలాయి. గాజు పగిలింది. ఏదో బరువైనది గోడకు కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. మూలుగు వినబడ్డాక తెలిసింది, అది వస్తువు కాదని.

కప్పు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఒరేయ్! వదలరా దాన్ని!"

ఆ అరుపు నాదే.

కప్పు ఊగింది. తెర నిండా అతని ముఖం వచ్చింది. నుదుట చెమట, పెదవి మీద నవ్వు.

"నమస్కారం వదినగారూ. మేం మాట్లాడుకుంటున్నాం."

అతని భుజం వెనక చెల్లెలు లేచి నిలబడింది. ముక్కు నుంచి కారిన నెత్తురు గడ్డం దాకా వచ్చింది. పొయ్యి మీద కాలుతున్న ఇనప పెనాన్ని రెండు చేతులా ఎత్తింది.

నేను కళ్లు తిప్పలేదు. తిప్పితే అతను వెనక్కి చూస్తాడు.

"టిఫిన్ అయిందా మరిదిగారూ?" అన్నాను.

అతను తెల్లబోయి నా వైపే చూశాడు.

పెనం అతని చెవి మీద దిగింది. చర్మం సుర్రుమంది. మనిషి అలా అరవగలడని నాకు అంతవరకు తెలియదు.

ఫోను కింద పడింది. ఇన్నేళ్లకు ఆ వంటింటి నేల కనిపించింది. గాజు పెంకుల మీద చెల్లెలి వట్టి పాదాలు, ఆగకుండా తొక్కుకుంటూ నా దగ్గరికే వచ్చాయి.

ఫోను తీయడానికి అది వంగింది. అతని చెయ్యి దాని జుట్టు పట్టుకుంది. పెనం మళ్లీ లేచింది. ఈసారి ఎముక విరిగింది. అరిచింది అతనే.

ఫోను దాని పిడికిట్లో. గొళ్లెం. మెట్లు. ఎవరిదో తలుపు మీద గుద్దులు.

తలుపు తీసింది, చెల్లెలు అప్పుడప్పుడు చెప్పే కింది వాటా నర్సు. ఏమైందని అడగలేదు. దాన్ని లోపలికి లాగి, తాళం తిప్పి, సోఫాను తలుపుకు అడ్డంగా జరిపింది. పైనుంచి అతను వచ్చి తలుపు తన్నుతుంటే, వాళ్ల భాషలో పోలీసులకు ఫోను చేసి గబగబా చెప్పసాగింది.

చెల్లెలు ఆ గదిలో నేల మీద కూలబడింది. ముక్కుకు తువ్వాలు అదుముకుని నన్ను చూసింది.

"నీకొక్కదానికే చెప్పానక్కా."

నేను తల అడ్డంగా ఊపాను.

"చచ్చిపోయేదాన్ని, తెలుసా? ఇంకెప్పుడూ నీకు..."

దాని బొటనవేలు ఫోను ఆపేసే గుర్తు వైపు కదిలింది.

పీట జరిగింది. చిక్కుళ్లు నేలంతా చెల్లాచెదురయ్యాయి. అమ్మ నన్ను పక్కకు నెట్టి కెమెరా ముందుకు వచ్చింది.

"పెట్టెయ్యకే! మీ అక్క చెప్పలేదు. స్నానానికని లేచి, తలుపు వెనక నిలబడి నేనే విన్నాను. నేనే వాడికి ఫోను చేశాను. నాలుగు మంచి మాటలు చెబితే వింటాడనుకున్నా."

చెల్లెలి బొటనవేలు ఆగింది. తలుపు మీద మరో తన్ను పడింది. చేతిలో తువ్వాలు ఎర్రబడుతూనే ఉంది.

"తప్పు చేశాను తల్లీ," అంది అమ్మ.