తొరాజి కళ్ళు

కాదే మనవరాలా, అవన్నీ వద్దు, ముందు ఆయన అరిచిన మాటే రాయి. "ఈ కళ్ళు ఎవడు గీశాడు?" అన్నాడు ముకైడా.

ఆ వారం పత్రిక అప్పుడే ఇంటికొచ్చింది. పడవవాడు తొరాజి బొమ్మల కథ గీస్తూ గీస్తూ ముసలివాడైన మనిషి ముకైడా. వాన, ఏరు, ఇళ్ళు, చెట్లు సహాయకులు గీస్తారు. తొరాజి కళ్ళు మాత్రం గురువుగారు, వాళ్ళ మాటలో సెన్సే, తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. అది ఆయన బొమ్మలు గీసే గదిలో కట్టుబాటు. ఇప్పుడు అచ్చులో ఉన్నవి ఆయన గీసిన కళ్ళు కావు. పైగా ఒకటి ఎత్తున, ఒకటి పల్లంలో ఉన్నాయి.

ఆ గదిలోనే జుట్టు నెరిసిన సహాయకుడు ఉగాకి చాప మీద మోకరిల్లి తల వంచాడు.

"నేనే, సెన్సే. మీరు స్నానానికి వెళ్ళినప్పుడు తెల్లరంగు పూసి మళ్ళీ గీశాను."

"ఎందుకు?"

ఉగాకి నుదురు చాపకు ఆనించాడు.

"నేను చెప్పనా? వచ్చే నెల నుంచి ఇదే పత్రికలో నీ సొంత కథ మొదలవుతోంది. నా తొరాజి మెల్లకన్నేసుకుని పోతే నీ వాడు అందగాడవుతాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టావురా."

"ఆఖరి భాగం ఒక్కటే మిగిలింది సెన్సే. అది కూడా నన్ను ఒకసారి చూడనివ్వండి. తర్వాత తన్ని తరిమేయండి."

"చూసి ఏం చేస్తావు? బొమ్మల చుట్టూ గళ్ళ గీతలు చూడు, పాము పాకినట్టున్నాయి. స్కేలు కొనమంటే వంకరది కొన్నావు."

"ఉక్కు స్కేలు వంకరపోతుందా?"

"స్కేలు కాదు, నీ బుద్ధి. పో."

ఉగాకి తన కలాలు గుడ్డలో చుట్టుకున్నాడు. గుమ్మంలో చెప్పులు తొడుక్కుని, లోపలికి తిరిగి వంగి మొక్కి వెళ్ళిపోయాడు. ముకైడా తలెత్తి చూడలేదు. ఆ పూట అన్నం సయించలేదు. కన్న కొడుకు కొట్టినా ఇంత నొప్పి ఉండదనుకున్నాడు.

ఆఖరి భాగం ఆయన ఒక్కడే గీశాడు. ఎవరినీ గదిలోకి రానివ్వలేదు. స్కేలు అవతల పారేసి గళ్ళు కూడా చేత్తోనే గీసుకున్నాడు. ముసలి తొరాజి పడవ దిగి ఒడ్డున నిలబడి మనవైపు చూస్తాడు. చివరి పేజీ నిండా ఆ ముఖమే. దాన్ని తానే గుండెకు హత్తుకుని రైలెక్కి పత్రికాఫీసుకు తీసుకెళ్ళాడు.

ఎడిటరు ఆ పేజీ చాలాసేపు చూశాడు.

"సెన్సే... ఇలాగే వేయమంటారా?"

"ఒక్క గీత ముట్టుకున్నావో, నీకూ ఉగాకి గతే."

ఎడిటరు తల వంచాడు.

పత్రిక వచ్చింది. ముకైడా తెరిచి చూసుకున్నాడు. కళ్ళు దారం పట్టి కొలిచినట్టున్నాయి. తృప్తిగా చంకలో పెట్టుకుని ఏటిగట్టున షిగే నూడుల్స్ కొట్టుకు వెళ్ళాడు. షిగే కొత్తకోడలుగా వచ్చినప్పటి నుంచి తొరాజి కథ ఒక్క వారం విడిచిపెట్టకుండా చదివిన మనిషి.

"చదువు షిగే. ఆ ద్రోహి చెయ్యి పడకపోతే ఎలా ఉంటుందో చూడు."

ఆమె పొయ్యి పక్కనే నిలబడి చదివింది. చివరి పేజీ దగ్గర ఆగిపోయి నడుముకు చుట్టుకున్న గుడ్డ కళ్ళకు అద్దుకుంది. ముకైడా ఛాతీ పొంగింది.

"ఏడవకు. ఏ కథైనా ఎక్కడో అక్కడ అయిపోవాల్సిందే."

"అది కాదండీ. పాపం, చివర్లో వీడికి పక్షవాతం తెప్పించారేంటి? ఒక కన్ను చెంప మీదికి జారిపోయింది."

ముకైడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు. బల్ల మీద ఒకదానికొకటి అతుక్కుని ఉన్న తినే పుల్లల జత తీసి విడదీశాడు. కొత్త పుల్లలు. రెండూ నడిమధ్యన ఒకే చోట వంగి ఉన్నాయి. ఇంకో జత విడదీశాడు. అవీ అంతే.

"షిగే, ఈ పుల్లలు వంకరగా లేవూ?"

"బాణాల్లా ఉన్నాయి కదండీ."

అంతేనే, అయిపోయింది. దీన్ని మీ నానమ్మకు చదివి వినిపించు. నిన్నటి నుంచి తలుపు చట్రం వంకరగా బిగించాడని వడ్రంగిని తిడుతోంది.