మిర్చి వరస కస్టమర్

“పేరు?”

“కస్టమర్.”

ఒఫోరి మేష్టారు కలం ఆపి తలెత్తారు. కాలిపోయిన మార్కెట్‌కి ఎదురుగా చర్చివాళ్లు వేసిన గుడారంలో కూర్చుని, రెండు రోజులుగా తప్పిపోయినవాళ్ల వివరాలు రాస్తున్నారాయన. బడి వదిలి పదేళ్లయినా కుమాసి ఊరంతా ఆయన్ని మేష్టారనే పిలుస్తుంది. పేర్లు అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయింది. ఇంకా పొగ వాసన పోలేదు.

“అమ్మాయీ, కస్టమర్లు నాకూ పదిమంది ఉన్నారు. ఉల్లిపాయలావిడ నన్ను కస్టమర్ అంటుంది, నేనావిణ్ణి కస్టమర్ అంటాను. తల్లీతండ్రీ పెట్టిన పేరు చెప్పు.”

“తెలీదు మేష్టారూ,” అంది సెర్వా.

“ఎన్నాళ్ల పరిచయం?”

“ఆరేళ్లు. కాలేజీలో చేరినప్పటినుంచీ.”

వెనక వరసలో ఉన్న ఒక లావుపాటావిడ ఉండబట్టలేకపోయింది. “ఆరేళ్లు మిరపకాయలు కొన్నావు, ఒక్కనాడు పేరడగలేదా తల్లీ?”

“నువ్వు నీ కస్టమర్ పేరు చెప్పు చూద్దాం అత్తా!” అన్నాడు సెర్వా భర్త అంపోన్సా.

ఆవిడ నోరు తెరిచింది. ఆలోచించింది. మళ్లీ మూసేసింది.

“సరే, మనిషెలా ఉంటుంది?” అన్నారు మేష్టారు.

“యాభై దాటాయి. లావుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులు. మిర్చి వరసలో చివర కూర్చుంటుంది.”

“మిర్చి వరసలో నూట యాభై మంది ఉన్నారమ్మా. అందులో సగం మంది లావే, అందరికీ మోకాళ్ల నొప్పులే.”

ఆవిడ గురించి సెర్వాకి తెలిసింది ఇంకా చాలా ఉంది. మంచి కాయలన్నీ ఏరి గోనె కింద దాస్తుంది, సెర్వా వచ్చేదాకా ఎవరడిగినా తీయదు. తూచాక గుప్పెడు మిరపకాయలు పైన వేస్తుంది. ఒకసారి సెర్వా తొందరలో పక్కావిడ దగ్గర కొంటే, “నీకు వేరే కస్టమర్ దొరికిందటగా, ఇటెందుకొచ్చావ్?” అని నెలరోజులు మూతి ముడుచుకుంది. సెర్వా జ్వరంతో రెండు వారాలు రాకపోతే, ఆ తర్వాత కనబడగానే మెడ మీద చెయ్యేసి చూసి, ఎండుచేపల పులుసు తాగమని డబ్బాలో పోసి ఇచ్చింది. ఆరు వారాల క్రితం సెర్వా పెళ్లికి పిలిస్తే, పెళ్లికొడుకెవరో ఆరా తీసి, బేరం వదిలి రాలేనంటూ బుట్టెడు కాయలు ఉచితంగా పంపింది. ఇవన్నీ పుస్తకంలో ఎక్కే గుర్తులు కావు.

“మొన్న శనివారం నా సంచి ఆవిడ దగ్గర పెట్టి చేపలకి వెళ్లాను మేష్టారూ. ‘నే చూసుకుంటాలే, వెళ్లిరా కస్టమర్’ అంది. అంతలో మంటలు. జనం నన్ను ఇటు గేటులోంచి బయటికి తోసేశారు. మళ్లీ లోపలికి పోనివ్వలేదు.” సెర్వాకి ఏడుపొచ్చేసింది. “నేనొచ్చేదాకా కదిలే మనిషి కాదావిడ. నా సంచికి కాపలా కూర్చునే కాలిపోయి ఉంటుంది.”

“ఆసుపత్రిలో చూశారా?”

“మూడు ఆసుపత్రులూ తిరిగాం,” అన్నాడు అంపోన్సా. “పొద్దున శవాల గదిలోకి నేనొక్కణ్ణే వెళ్లొచ్చాను. గుర్తుపట్టేలా లేరు.”

లావుపాటావిడ తన పైగుడ్డతో సెర్వా ముఖం తుడిచింది. మేష్టారు పుస్తకం చివరి పేజీకి తిప్పారు.

“పేర్లు తెలీనివాళ్లని విడిగా రాశాను. నీ కస్టమర్ కోసం ఇంకెవరైనా వచ్చారేమో విను. ముసలాయన, కుంటికాలు, గొడుగులు బాగుచేస్తాడు.”

“కాదు.”

“నడివయసు మనిషి, కెంకె మొక్కజొన్న ముద్దలమ్ముతుంది, వీపున మనవరాలు.”

సెర్వా కళ్లు మూసుకుంది. “కాదు.”

“పడుచుపిల్ల. బక్కపల్చటి మనిషి. బేరమాడటం చేతకాదు…”

“కాదు మేష్టారూ, నా కస్టమర్ పెద్దావిడ. తర్వాతది చదవండి.”

“తర్వాతేమీ లేదమ్మా. ఇదే ఆఖరు.” మేష్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “ఇది రాయించినావిడా నీలాగే, పేరు తెలీదంది. ఈ పిల్ల కోసం రెండుసార్లు మంటల్లోకి వెళ్లిందట, చేతులు రెండూ కాలిపోయాయి. కట్లు కట్టించుకుని మళ్లీ వచ్చి మార్కెట్ అవతలి గేటు దగ్గర కూర్చుంది. ఇంటికి పొమ్మంటే తిడుతోంది.”

“కూతురా?” అంది లావుపాటావిడ.

“కూతురైతే పేరు తెలీకుండా ఉంటుందా?”

“పాపం,” అంది సెర్వా. తన ఏడుపు మరిచి ఆ బక్కపల్చటి పిల్ల కోసం మనసులోనే దండం పెట్టుకుంది. “పోదాం పద,” అని భర్త చెయ్యి పట్టుకుంది.

“ఉండు, ఇంకో ముక్క రాయించింది,” అన్నారు మేష్టారు, కళ్లద్దాలు పెట్టుకుని పేజీ దగ్గరికి తెచ్చుకుంటూ.

“‘మొగుడి పేరు అంపోన్సా.’”