ఇంకో వల

ఐదోసారీ వలలో ముళ్లకంపే వచ్చింది.

సరంగు దాన్ని విదిలించి పడవలో పారేశాడు. వేళ్లకు ముళ్లు దిగాయి. పట్టించుకోలేదు.

"ఇంకో వల వేద్దాం. ఈసారి తూము దగ్గర."

"పొద్దున్నుంచీ ఇదే మాట మామా," అన్నాడు తెడ్డు వేస్తున్న అల్లుడు. "రిజర్వాయరంతా గాలించాం. చేప కాదు కదా, పొలుసు కూడా లేదు."

"వెయ్యమంటే వెయ్యి."

చుట్టూ ఇసుకదిబ్బలు. నడుమ రోజురోజుకూ కుంచించుకుపోతున్న నీళ్లు. నెత్తిన ఎండ. ఏడాదిన్నర కిందట ఈ నీళ్లలో వదలడానికి హేచరీ నుంచి నలభై సంచుల చేపపిల్లలు తెప్పించారు. ఈపాటికి ఒక్కొక్కటీ చంటిపిల్లంత బరువుండాలి. మత్స్యకారుల సంఘం పెట్టిన గడువు నేటితో సరి. సాయంత్రంలోగా ఒక్కటైనా పడకపోతే, చచ్చు పిల్లల్ని పంపాడని హేచరీ ఆయన మీద ఫిర్యాదు వెళుతుంది. హేచరీ మూతపడుతుంది.

ఆయన గట్టు మీదే నిలబడి ఉన్నాడు. సంఘం పెద్ద పక్కనే ఫిర్యాదు కాగితంతో సిద్ధం.

మధ్యాహ్నం మంచినీళ్లకు పడవ గట్టుకు వచ్చింది.

"నేను పంపినవి గంతులేసే పిల్లలు," అంటున్నాడు హేచరీ ఆయన. "దారిలో సంచుల్లో నీళ్లు వేడెక్కుతాయి, విప్పేముందు వాటిని అరగంట రిజర్వాయరులో తేలనివ్వండి, వేడి దిగాక వదలండి అని చెప్పి మరీ పంపాను."

"ఆ సంగతి మాకు నేర్పకు," అన్నాడు పెద్ద. "సరంగు దగ్గరుండి చూసుకున్నాడు. నలభై ఏళ్లుగా నీళ్ల మీద బతికినవాడు. నీ సరుకు సంగతి చెప్పు."

సరంగు చెంబు దించాడు. "కబుర్లతో పొద్దుపోతుంది. పదరా."

ఆరో వల. నాచు. ఏడో వల. తెగిన చెప్పు.

"రెండోది కూడా దొరికితే నాకివ్వు మామా, నా సైజే."

సరంగు నవ్వలేదు. దాన్ని నీళ్లలోకి విసిరికొట్టాడు. మళ్లీ వల అందుకున్నాడు. అరచేతులు ఒరుసుకుపోయి నెత్తురు వస్తోంది.

పొద్దు వాలింది. పడవ గట్టుకు చేరింది. సంఘంవాళ్లు ఒక్కొక్కరే ఫిర్యాదు మీద వేలిముద్ర వేశారు. కాగితం సరంగు ముందుకు వచ్చింది.

"రేపొక్క రోజు చూద్దాం," అన్నాడు.

"నీకెందుకు మామా ఆయన మీద అంత జాలి?" అల్లుడు విసుక్కున్నాడు.

హేచరీ ఆయన వచ్చి సరంగు చెయ్యి పట్టుకున్నాడు. "ఇంతమందిలో మీరొక్కరే నన్ను నమ్మారన్నా. అది చాలు. ముద్ర వెయ్యండి."

సరంగు చెయ్యి విడిపించుకున్నాడు. బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద ఒత్తాడు.

చేపపిల్లలు వచ్చిన ఆ రోజు అరగంట ఎండలో నిలబడలేక సంచులన్నీ వచ్చినవి వచ్చినట్టే నీళ్లలో కుమ్మరించి, కాసేపటికే వెల్లకిలా తేలిన పిల్లల్ని తట్టలకెత్తి, ఇప్పుడు అందరూ నిలబడి ఉన్న ఈ ఇసుకలోనే పూడ్చిపెట్టాడతను.