నేలలో పూసే పువ్వు

"పార కింద పెట్టండి నెవిల్. ఇక్కడ తవ్వకూడదు."

నెవిల్ పెట్టలేదు. బండి వెనక దుప్పట్లో స్పానర్ ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఆ పొలంలో ఇన్నేళ్లూ గొర్రెల వెంట పరిగెత్తీ పరిగెత్తీ, ఇవాళ పొద్దున్నే కన్నుమూసిన అతని కుక్క. అలిసిపోతే ఈ చీపురు పొదల కిందే పడుకునేది. మిగతాదంతా గోధుమ చేను. ఏటా ట్రాక్టరు తిరుగుతుంది. స్పానర్‌ని ట్రాక్టరు కింద పడుకోబెట్టడం ముసలాయన వల్ల కాదు.

బ్రాన్విన్ అటవీ శాఖ ఉద్యోగి. ఈ పొదల కింద అరుదైన ఆర్కిడ్ పూలమొక్క ఉండొచ్చనీ, అది మట్టిలోంచి బయటికే రాదనీ, పుట్టడం, పూయడం, వాడిపోవడం అన్నీ లోపలేననీ ఓపిగ్గా చెప్పింది.

"ఇక్కడ ఎవరైనా చూశారా?"

"లేదు. చూడాలంటే తవ్వాలి."

"తవ్వి చూడు మరి."

"తవ్వకూడదు."

నెవిల్ టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు. లేని పువ్వుకి కాపలా కాస్తే జీతమిస్తారని తెలిస్తే అసలు గొర్రెల జోలికే పోయేవాణ్ణి కాదన్నాడు. బ్రాన్విన్ ఉడుక్కుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ పువ్వు తనకీ కనబడలేదు పాపం.

అంతలో చినుకులు మొదలయ్యాయి. నెవిల్ తన కోటు విప్పి కుక్క మీద కప్పాడు.

బ్రాన్విన్ పార లాక్కుంది. సర్వే కోసమైతే శాఖవాళ్లు తవ్వొచ్చట. మోకాలి లోతు సర్వే చేసింది. పువ్వు లేదు.

"కొంచెం పొడుగ్గా చెయ్యమ్మాయ్ సర్వే," అన్నాడు నెవిల్. "వాడి కాళ్లు పొడుగు."

ఆమె గుంట అంచున రాలిన ఆకులు తోసి, చేత్తో మట్టి గీరింది. వేలెడు లోతులో తెల్లటి రేకుల మధ్య చిట్టి చిట్టి ఎర్ర పూలు, గుత్తిగా. ఇన్నేళ్లూ కనబడని ఆ పువ్వే. బయటపెడితే స్పానర్ అదే బండిలో వెనక్కి పోవాలి. దాచిపెడితే పువ్వు స్పానర్ కాళ్ల కింద నలిగిపోతుంది. తడుస్తున్న ముసలాయన వంక చూసింది. గబగబా మట్టి కప్పేసింది.

"ఏమీ లేదు. దించండి."

నెవిల్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె కప్పిన మట్టి మీద ఆకులు కూడా జాగ్రత్తగా పరిచాడు. గుంట పూడ్చి, పార భుజాన వేసుకుని బండి వైపు నడిచాడు.

"ఇక్కడొద్దులే అమ్మాయ్. ముందే ఎవరో పడుకున్నారు."